అనంతగిరి కొండ మీద మా కాటేజీకి వచ్చేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు: చుట్టుపక్కల ఏం చూడాలి, ఎలా తిరగాలి

వైజాగ్ నుంచి ఫోన్ చేసేవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఇవే, అందుకని అన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నా. మాది అనంతగిరి మండలంలో ఒక చిన్న ఊరు, నాన్న కాఫీ తోట పక్కనే రెండు గదుల కాటేజీ కట్టుకున్నాం. నేను వైజాగ్‌లో డిగ్రీ చదువుకుని మళ్ళీ ఇక్కడికే వచ్చేశా. తీరిగ్గా చదవండి, ముఖ్యంగా నీళ్ళ గురించి రాసింది మాత్రం వదిలెయ్యొద్దు.

పొద్దున్న వైజాగ్‌లో బయల్దేరి బొర్రా గుహలు, కటికి, చాపరాయి, మ్యూజియం, వంజంగి అన్నీ చూసుకుని రాత్రికి వెనక్కి వచ్చెయ్యొచ్చా?

అవ్వదండి. అరకు వైజాగ్‌కి 115 కిలోమీటర్లే, కానీ అందులో చివరి ముక్క అంతా ఘాట్ రోడ్డు, మైదానంలో గంటలో పోయే దూరం ఇక్కడ రెండు గంటలు పడుతుంది, మధ్యలో టీకి ఆగుతారు, పిల్లలకి వాంతులు అవుతాయి, ఫోటోలు దిగుతారు, అలా మధ్యాహ్నం అయిపోతుంది. బొర్రా ఒక పక్క, చాపరాయి ఇంకో పక్క, వంజంగి అయితే పాడేరు వైపు, అది వేరే ప్రయాణం. కనీసం రెండు రాత్రులు ఉండేలా రండి. మొదటి రోజు మధ్యాహ్నానికి చేరి భోజనం చేసి తోటలో అలా నడిచి రండి, రెండో రోజు బొర్రా, కటికి పెట్టుకోండి, మూడో రోజు అరకు, చాపరాయి చూసుకుని దిగిపోవచ్చు. ఇంకో రాత్రి ఉండగలిగితే ఆ రోజు ఎక్కడికీ వెళ్ళకుండా అరుగు మీద కూర్చోండి. చాలామంది వెళ్ళిపోయాక ఫోన్ చేసి ఆ రోజే బాగుందని చెప్తారు.

రైలు బెటరా, కారు బెటరా?

మొదటిసారి వస్తుంటే రైల్లో రండి, నా మాట వినండి. కిరండూల్ వెళ్ళే పాసింజర్ పొద్దున్నే వైజాగ్‌లో బయల్దేరుతుంది, కొత్తవలస, ఎస్.కోట (శృంగవరపుకోట) దాటి బొడ్డవర నుంచి కొండ ఎక్కడం మొదలవుతుంది, శివలింగపురం, టైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, ఆ తర్వాత అరకు, సుమారు నాలుగు గంటల ప్రయాణం. ఈ లైను నిజానికి టూరిస్టుల కోసం వేసింది కాదు, బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం వైజాగ్ పోర్టుకి తేవడానికి 1960ల్లో జపాన్ సాయంతో వేశారు. అందుకే మీ రైలు ఎక్కడో ఆగిపోతే ఎదురుగా గూడ్సు వస్తోందని అర్థం, కంగారు పడకండి. శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఒకప్పుడు దేశం మొత్తం మీద బ్రాడ్‌గేజ్ లైన్లలో ఇదే ఎత్తైన స్టేషన్. స్టేషన్ బోర్డు మీద ఎప్పుడూ చలి పట్టినట్టు తడిగా ఉంటుంది, నాకది చిన్నప్పటి నుంచీ ఇష్టం.

అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ బోగీ 2017 నుంచి ఉంది, సీట్లు త్వరగా అయిపోతాయి, ముందే బుక్ చేసుకోండి. దొరక్కపోతే మామూలు బోగీలో కిటికీ పక్కన కూర్చున్నా చాలు, సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలందరూ ఒక్కసారి గోల పెడతారు, ఆ సందడి మామూలు బోగీలోనే బాగుంటుంది. తలుపు దగ్గర నిలబడి సెల్ఫీలు మాత్రం వద్దు, సొరంగం గోడ చాలా దగ్గరగా వస్తుంది. వానాకాలంలో కొండచరియలు పడి లైను ఆగిపోతుంటుంది, అప్పుడు బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోండి.

ఘాట్ రోడ్డు మీద ఎప్పుడూ నడపలేదు, సొంత కారులో రావచ్చా?

రావచ్చు, తొందర పడకుండా ఉంటే చాలు. ఎస్.కోటలో పెట్రోలు కొట్టించుకుని, సాయంత్రం నాలుగు లోపు అక్కడి నుంచి ఎక్కడం మొదలెట్టండి. ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడే జాగ్రత్త, ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి, న్యూట్రల్‌లో వదిలేసి బ్రేకు మీదే ఆధారపడితే బ్రేకులు వేడెక్కి పట్టు పోతాయి. కాలిన వాసన వస్తే వెంటనే విశాలంగా ఉన్నచోట ఆపి అరగంట చల్లారనివ్వండి. మలుపుల్లో హారన్ కొట్టండి, ఎదురుగా ఎక్కే బండికి దారి ఇవ్వండి. మంచు కమ్మితే హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడే కనిపిస్తుంది, లోబీమ్ వేసుకుని నెమ్మదిగా రండి. డముకు, గాలికొండ వ్యూపాయింట్ల దగ్గర ఆగడానికి జాగా ఉంది, మలుపులో మాత్రం ఆపొద్దు. కోతులకి చిప్స్ పెట్టకండి, పెట్టీ పెట్టీ అవి రోడ్డు మీదే కాపురం పెట్టేశాయి, బళ్ళ కింద పడి చచ్చిపోతున్నాయి.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

మీకు ఏం చూడాలని ఉందో దాన్ని బట్టి. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పూస్తాయి, అరకు లోయలో పొలాలన్నీ పసుపు పచ్చగా అయిపోతాయి, రద్దీ కూడా అప్పుడే. వలిసె నూనెగింజ పంట అండి, రైతు వేసుకున్నది, ఫోటో కోసం మధ్యలోకి దిగి తొక్కితే ఆ మేరకు గింజ పోయినట్టే, గట్టు మీద నిలబడి తీసుకోండి. కాఫీ పళ్ళు ఎర్రబడేది కూడా నవంబరు నుంచి జనవరి దాకా. జలపాతాలు నిండుగా చూడాలంటే వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు చివర, అక్టోబరు.

నన్నడిగితే మార్చి, ఏప్రిల్. ఒక మంచి వాన పడిన తొమ్మిది పది రోజులకి కాఫీ పూస్తుంది, కొమ్మ పొడుగునా తెల్లటి పూలు, మల్లెపూల లాంటి వాసన, మూడు నాలుగు రోజులే ఉంటుంది. ఆ రాత్రుళ్ళు తలుపు తీసి పడుకుంటాం. ఎప్పుడు పూస్తుందో నెల ముందు చెప్పలేం కాబట్టి దాని కోసం ఎవరూ రారు, వచ్చినవాళ్ళకి దొరికితే అదృష్టం.

చలి ఎంత ఉంటుంది?

డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు పది డిగ్రీల లోపుకి దిగుతుంది. వైజాగ్ వాళ్ళు ఒక్క స్వెటర్‌తో వచ్చి వణికిపోతారు, చెవులకి టోపీ, కాళ్ళకి సాక్సులు తప్పకుండా తెచ్చుకోండి. దుప్పట్లు, వేడినీళ్ళు మా దగ్గర ఉంటాయి. ఇంకా చలి కావాలంటే లంబసింగి, అక్కడ కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి వెళ్ళిపోతుంది, దాని పాత పేరు కొర్రబయలు, అంటే బయట ఉన్నవాడు కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని. కానీ అది చింతపల్లి మండలం, నర్సీపట్నం మీదుగా వెళ్తే దగ్గర, మా దగ్గర నుంచి కాదు.

మేఘాల సముద్రం అంటున్నారు, అది ఎక్కడ?

పేరు మోగింది వంజంగి, పాడేరు దగ్గర. అరకుకి దగ్గరలో మాడగడ ఉంది, మా కాటేజీ నుంచి వెళ్ళేవాళ్ళకి అదే సులువు. రాత్రి చల్లగాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది, అక్కడి తేమంతా మంచై నిలబడిపోతుంది, మీరు దానికన్నా ఎత్తులో ఉంటారు కాబట్టి కింద తెల్లగా సముద్రంలా కనిపిస్తుంది. ఎండ తగలగానే లేచి చెదిరిపోతుంది, ఎనిమిది దాటితే ఏమీ ఉండదు. అందుకే సూర్యోదయానికి ముందే పైన ఉండాలి. ముందు రోజు వాన పడి, రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి లేకపోతే కనిపించే ఛాన్స్ ఎక్కువ. వంజంగికే వెళ్ళాలనుకుంటే ముందు రాత్రి పాడేరులో పడుకోండి, చీకట్లో టార్చితో కొండ ఎక్కాలి, రాళ్ళ దారి, చెప్పులతో వద్దు. పైకి తీసుకెళ్ళిన వాటర్ బాటిల్ కిందికి తెచ్చెయ్యండి, అక్కడ తీసేవాళ్ళు ఎవరూ లేరు.

బొర్రా గుహలకి పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా? ఎంతసేపు పడుతుంది?

పది గంటలకి తెరుస్తారు, తెరవగానే వెళ్ళండి, ఆదివారం పన్నెండు దాటితే లోపల జనమే. రెండు గంటలు పెట్టుకోండి. లోపలికి మెట్లు దిగాలి, మళ్ళీ అవే మెట్లు ఎక్కాలి, కొన్నిచోట్ల తడిగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలు, తాతయ్యలు మొదటి హాలు దాకా వెళ్ళి కూర్చుంటే సరిపోతుంది, అసలు వైశాల్యం అక్కడే తెలుస్తుంది. ఇది సున్నపురాయి గుహ, వాన నీళ్ళు కొండలోంచి ఇంకుతూ సున్నాన్ని కరిగించుకుని వచ్చి చుక్క చుక్కగా రాలతాయి, ఆ చుక్క వదిలిన సున్నమే పైనుంచి వేలాడే ఊడల్లాగా, కింద నుంచి లేచే స్తంభాల్లాగా పెరిగింది. మీ ఎదురుగానే రాతి కొనకి ఒక చుక్క వేలాడుతూ ఉంటుంది, ఒక్క నిమిషం నిలబడి అది పడేదాకా చూడండి. చేత్తో ముట్టుకోకండి, మన చేతి జిడ్డు అంటితే అక్కడ పెరుగుదల ఆగిపోతుంది. లోపల శివలింగం ఉంది, శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ వస్తాయి. గోస్తనీ నది పుట్టేది ఇక్కడే, గుహ పైనుంచి రైలు వెళ్తుంది.

కటికి జలపాతానికి నడిచి వెళ్ళాలా?

బొర్రా దగ్గర నుంచి జీపులు ఉంటాయి, దారి బాగా రాళ్ళు, మామూలు కారు వెళ్ళదు. రేటు ఎక్కకముందే మాట్లాడుకోండి, రానూ పోనూ, వెయిటింగ్‌తో కలిపి. జీపు దిగాక కొంచెం ఎక్కాలి. నెలల పిల్లలు, గర్భిణీలు ఉంటే వద్దు, జీపు కుదుపులు గట్టిగా ఉంటాయి.

చాపరాయిలో స్నానం చెయ్యొచ్చా? మీ కాటేజీ కింద గెడ్డలో (వాగులో) దిగొచ్చా?

దీనికి కొంచెం పెద్ద జవాబు.

చాపరాయి డుంబ్రిగూడ దగ్గర, అరకు నుంచి అరగంట. పేరులోనే ఉంది, చాప పరిచినట్టు వెడల్పాటి రాయి, దాని మీద నుంచి నీళ్ళు పల్చగా జారుతూ పోతాయి. చూడ్డానికి పిల్లల జారుడుబల్లలా ఉంటుంది, అదే ప్రమాదం. నీళ్ళు పారే రాయి మీద కంటికి కనపడని పాచి ఉంటుంది, కాలు జారితే పట్టుకోడానికి ఏమీ దొరకదు, నేరుగా కింద గుంటలోకి. ఒడ్డున పల్చటి నీళ్ళలో కూర్చోండి, పిల్లల చెయ్యి వదలకండి, పొడిగా తెల్లగా కనిపించే రాయి మీదే నడవండి, నల్లగా మెరిసే చోట కాలు పెట్టొద్దు. మందు తాగి దిగొద్దు, ఇది బతిమాలి చెప్తున్నా.

మా గెడ్డ గురించి. నేను పదో క్లాసులో ఉండగా వేసవి సెలవుల్లో నేను, మా బాబాయి కొడుకు పీతలు పట్టడానికి దిగాం. మా మీద ఎండ కాస్తోంది, ఒక్క చినుకు లేదు. పైన ఎక్కడో గాలికొండ వైపు ఉరుము వినిపించింది, పట్టించుకోలేదు. కాసేపటికి నీళ్ళలో ఎండుటాకులు ఎక్కువగా కొట్టుకు రావడం మొదలైంది, తర్వాత నీళ్ళ రంగు మారింది, పాలు తక్కువ పోసిన టీలాగ. అవతల ఒడ్డున మేకలు కాస్తున్న మా పెద్దమ్మ అది చూసి ఎంత గట్టిగా అరిచిందంటే ఇద్దరం పీతల బుట్ట వదిలేసి పైకి పరిగెత్తాం. మేము గట్టెక్కి వెనక్కి తిరిగేసరికి మేము నిలబడిన రాయి కనిపించలేదు. బుట్ట పోయింది. మా తమ్ముడు ఆ రాత్రంతా మాట్లాడలేదు.

అందుకని గెడ్డలో దిగొచ్చు, కానీ మా ఇంట్లో ఎవరో ఒకరు తోడుంటేనే. ఆకులు కొట్టుకొచ్చినా, నీళ్ళు మట్టిరంగుకి తిరిగినా, పైన ఉరుము వినిపించినా, మీ నెత్తి మీద ఎండ ఉన్నా సరే వెంటనే పైకి వచ్చెయ్యాలి, చెప్పుల కోసం, ఫోన్ కోసం వెనక్కి వెళ్ళొద్దు. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎవరినీ దిగనివ్వం, ఈ విషయంలో ఎంత అడిగినా ఒప్పుకోం.

కాఫీ తోటలో తిరగొచ్చా? పళ్ళు కోసుకోవచ్చా?

మా తోట రెండెకరాలు, మా వాళ్ళతో కలిసి తిరగండి, ఒక పండు కోసి నోట్లో వేసుకుని చూడండి. తొక్క నొక్కితే జిగురుగా, తియ్యగా ఉంటుంది, లోపల రెండు గింజలు ఒకదానికొకటి బొడ్డు ఆనించుకుని ఉంటాయి, కాఫీ వాసన అస్సలు రాదు, ఆ వాసన వేయించాకే. పైన నీడకి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియం తీగలు, ఒకే నేలలో రెండు పంటలు. ఇక్కడ పండేది అరబికా, అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడ పెద్ద ఎస్టేట్లు తక్కువ, మా లాంటి కుటుంబాల ఎకరం, రెండెకరాలే ఎక్కువ.

జేబులో వేసుకుని ఒక తోట నుంచి ఇంకో తోటకి పళ్ళు మాత్రం తీసుకెళ్ళకండి. 2025లో అరకు వైపు తోటల్లో బెర్రీ బోరర్ అనే పురుగు కనిపించింది, పండులోకి తొలుచుకుని గింజని తినేస్తుంది, పురుగు పట్టిన పళ్ళు కోసి వేడినీళ్ళలో ముంచి పాతిపెట్టాల్సి వచ్చింది. ఏడాది కష్టం ఒక పిడికెడు పళ్ళతో పక్క ఊరికి పాకిపోతుంది.

బొంగు చికెన్ మీ దగ్గర దొరుకుతుందా?

పొద్దున్నే చెప్తే సాయంత్రానికి రెడీ. పచ్చి బొంగే కావాలి, ఎండుది అంటుకుపోతుంది. ముక్కలకి ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, మసాలా పట్టించి బొంగులో కూరి, మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ ఉంటాం. నూనె చుక్క వెయ్యం, నీళ్ళు పొయ్యం, బొంగులో ఉన్న తేమతోనే ఉడుకుతుంది. పైన బొంగు నల్లగా మాడి, ఆకు మూతి నుంచి ఆవిరి ఈలలా వస్తుంటే అయిందని అర్థం. అడ్డాకు విస్తరిలో వడ్డిస్తాం. శాకాహారులకి రాజ్మా కూర ఉంటుంది, ఈ కొండల్లో పండిందే. పొద్దున్న చోడి (రాగి) అంబలి తాగి చూడండి, నచ్చకపోతే ఇడ్లీ ఉంది.

క్యాంప్‌ఫైర్ వేసుకోవచ్చా? పాటలు?

ముందు వాకిట్లో రాళ్ళు పేర్చిన గుంట ఉంది, అక్కడే. ఫిబ్రవరి నుంచి వేసవి వానలు పడేదాకా తోటలో ఆకు రాలి నిప్పురవ్వకి కాచుకుని ఉంటుంది, గాలి ఉన్న రోజు వెయ్యం. కట్టెలు మేమే ఇస్తాం, మీరు చెట్లు కొట్టొద్దు. స్పీకర్లు తొమ్మిదికి ఆపెయ్యాలి, ఊళ్ళో అందరూ తెల్లవారుజామునే పనికి లేస్తారు.

ధింసా డాన్స్ చూడాలంటే? ఊళ్ళో ఫోటోలు తీసుకోవచ్చా?

అరకులో సాయంత్రాలు టూరిస్టుల కోసం ఆడతారు, మాకు చెప్తే మా ఊరి ఆడవాళ్ళతో కూడా మాట్లాడతాం, ముందే అనుకున్న డబ్బు వాళ్ళ చేతికే ఇవ్వండి. పదిహేను ఇరవై మంది వెనక నుంచి ఒకరి చేతులు ఒకరు పట్టుకుని గొలుసులా కదులుతారు, తుడుము, డప్పు, కిరిడి, మోరి వాయిస్తారు. ఎవరైనా రమ్మంటే కలవండి, సిగ్గు పడకండి. చైత్రంలో ఇటుకల పండగకి వస్తే ఎవరూ పిలవకుండానే ఊరంతా ఆడుతుంది, అది మాత్రం మా పండగ, చూడండి, కెమెరా కాసేపు పక్కన పెట్టండి.

ఫోటో తీసేముందు అడగండి. ముక్కుకి మూడు పోగులున్న మా అవ్వలని చూసి మొహం మీదకి ఫోన్ పెట్టేస్తారు, పొలంలో పని చేస్తున్నవాళ్ళని ఆపి నిలబడమంటారు. అవ్వా, ఒక ఫోటో తీసుకోనా అంటే నవ్వుతూ ఒప్పుకుంటారు. పిల్లలకి చాక్లెట్లు, డబ్బులు పంచకండి, బండి కనపడగానే రోడ్డు మీదకి పరిగెట్టడం అలవాటైపోతోంది. ఏదైనా ఇవ్వాలనిపిస్తే నోటు పుస్తకాలు స్కూల్లో టీచరుగారికి ఇవ్వండి.

చిన్నపిల్లలు నడవలేరు, వాళ్ళకి ఏముంది?

అరకులో పద్మాపురం గార్డెన్స్‌లో బొమ్మ రైలు ఉంది, రెండో ప్రపంచ యుద్ధం టైంలో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలైన తోట అది. దగ్గర్లోనే గిరిజన మ్యూజియం, ఇల్లు, వంట, వేట, పెళ్ళి బొమ్మలతో చూపిస్తారు. వాన పడితే ఇదే మంచి ఆప్షన్.

సిగ్నల్, డబ్బులు, ఆరోగ్యం?

సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని రాకండి. ఫోన్ పే పనిచెయ్యని చోట్లు చాలా, చిల్లర ఉంచుకోండి. దోమతెర మంచానికి ఉంది, కట్టుకుని పడుకోండి, ఏజెన్సీలో మలేరియా కొత్త కాదు, ఇంటికెళ్ళాక జ్వరం వస్తే కొండకి వెళ్ళొచ్చామని డాక్టరుకి తప్పకుండా చెప్పండి. రోజూ వేసుకునే మందులు ఒక రోజుకి ఎక్కువే తెచ్చుకోండి. పెద్ద అవసరమైతే అరకులో ఏరియా ఆసుపత్రి ఉంది, మేమే బండి పెట్టి తీసుకెళ్తాం. రాత్రి బయటికి వస్తే టార్చి, కాళ్ళకి చెప్పులు.

చెక్‌పోస్టులో బండి ఆపితే భయపడాలా?

అక్కర్లేదు, డిక్కీ తీసి చూపించి వచ్చెయ్యండి. గంజాయి రవాణా కోసం చూస్తారు. దారిలో ఎవరైనా సరే ఈ సంచి కొంచెం వైజాగ్‌లో ఇచ్చెయ్యండి అంటే తీసుకోవద్దు, ఎంత మంచిగా అడిగినా.

ఇక్కడ చిన్న స్థలం కొనుక్కోవచ్చా?

నెలకి ఒక్కరైనా అడుగుతారు. ఇది షెడ్యూల్డ్ ఏరియా, 1970లో వచ్చిన వన్ ఆఫ్ సెవెంటీ చట్టం ప్రకారం గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనడానికి లేదు. ఎవరైనా అమ్ముతామంటే అది చెల్లదు, మీ డబ్బు పోతుంది, ఇక్కడి కుటుంబం గొడవల్లో పడుతుంది. ఎన్నిసార్లైనా వచ్చి ఉండండి, ఆ గది మీదే అనుకోండి.

వెళ్ళేటప్పుడు ఏం కొనుక్కోవాలి, దారిలో ఏముంది?

సంతకి వెళ్ళండి, ఊరికో రోజు ఉంటుంది, వచ్చినప్పుడు దగ్గర్లో ఏ సంత ఉందో చెప్తాం. పొద్దున్నే వెళ్తే పసుపు, మిరియాలు, చింతపండు, కొండ చీపుర్లు, కాలాన్ని బట్టి పనస, సీతాఫలం, అన్నీ పండించినవాళ్ళ దగ్గరే. బుట్ట దింపకముందే బేరం ఆడేసి లాక్కునే షావుకార్లు ఉంటారు, మీరు అలా చెయ్యకండి, అవ్వ కూర్చుని సర్దుకున్నాక అడగండి. కాఫీ పొడి, తేనె జీసీసీ (గిరిజన సహకార సంస్థ) షాపుల్లో కొనుక్కోవచ్చు.

దిగాక టైం ఉంటే ఎస్.కోట దగ్గర తాటిపూడి రిజర్వాయరుకి పక్కకి తిరగండి. బొర్రాలో మీరు చూసిన గోస్తనీ నీళ్ళే అక్కడ ఆగి వైజాగ్‌కి తాగునీరుగా వెళ్తాయి, మీ ఇంటి కుళాయిలో వచ్చేది అదే కావచ్చు. కట్ట మీద సాయంత్రం గాలి బాగుంటుంది. ఇంటికి చేరాక చేరామని ఒక్క మెసేజ్ పెట్టండి, సిగ్నల్ వచ్చినప్పుడు చూసుకుంటాం, అప్పటిదాకా అమ్మ నిద్రపోదు.